ఓడని మింగిందెవరు

టాటానగర్‌లోని భాలుబాసా పేటలో రెండు గదుల ఇల్లు. క్యాంటీన్ పనినుంచి వచ్చిన పద్మకుమారి చెప్పులు విప్పబోయి గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల అత్తగారు నవ్వుతోంది. ఆ నవ్వు ఆ ఇంట్లో వినబడి ఏళ్లయింది.

“వదినా, చెప్పులు తర్వాత విప్పుదువు గానీ, ముందు ఇలా వచ్చి కూర్చో.”

“ఏటయ్యింది ప్రవీణ్? అత్తేటి అలా నవ్వుతోంది?”

“అన్నయ్య ఫోన్ చేసేడు.”

“ఏ అన్నయ్య?”

“ఏ అన్నయ్యేటి! నాగేంద్ర అన్నయ్య. నీ మొగుడు. జిందా హై, వదినా! బతికే ఉన్నాడు!”

“ఏటీ?”

“ఓలమ్మ, నమ్మవేటే పద్మా! ఓడతోపాటు పోయేడన్నారు. ఇదిగో, ఈ చెవితోనే విన్నాను. ‘అమ్మా’ అన్నాడు.”

“గొంతు ఆయనదేనా అత్తా?”

“కన్నతల్లికి తెలీదేటి?”

“నన్నడిగేడా?”

“ముందు లడ్డూ తిను. ప్రవీణు సాక్చీ బజారుకెళ్లి తెచ్చేడు. ఇంకా వేడిగా ఉన్నాయి.”

“నన్నడిగేడా అని.”

“సిగ్నల్ సరిగ్గా లేదు వదినా. రైల్లో ఉన్నాడు. రేపు పొద్దున్న టాటానగర్‌లో దిగుతాడు.”

“మరి ఓడ?”

“అదే కదా! ఓడ మాయమవలేదంట.”

“మాయమవలేదా? మరి ఏడేళ్లూ నాకేటేటి చెప్పేరు? నువ్వే కదా వీడియోలు చూపించేవు. సముద్రం అడుగునుంచి గేసు బుడగలు లేత్తాయని, ఆ నీళ్లమీద ఓడ తేలలేక రాయిలా దిగిపోద్దని.”

“అది సైన్సు వదినా.”

“కొండంత కెరటం ఒక్కటే వచ్చి పడిపోద్దన్నావు. దిక్సూచికి పిచ్చెక్కే చోటుందన్నావు. విమానాలు కూడా అక్కడికెళ్లి మళ్లీ కనబడలేదన్నావు.”

“లోకం అన్నదే అన్నాను...”

“అత్తేమో గంగమ్మ పట్టుకుపోయిందంది. కోడలి కాలు మంచిది కాదు, అందుకే గంగమ్మ కన్నుపడిందని వీధంతా చెప్పింది.”

“మంచి కబురొచ్చిన రోజున అవన్నీ తవ్వుతావేటే?”

“తవ్వన్లే. ఓడని మింగిందెవరు? అది చెప్పండి.”

“ఎవరూ మింగలేదు. ఓనరే ఇన్సూరెన్సు కోసం నాటకమాడేడు. ఓడ ఎక్కడుందో చెప్పే మిషనొకటి ఉంటాది కదా, దాన్ని నడిసముద్రంలో ఆపించేసేడు. పాత పేరు చెరిపి కొత్త పేరు రాయించి, ఇంకో దేశంలో అమ్ముకున్నాడు.”

“మిషను ఆపిందెవరు?”

“ఓనరు చెప్పేడు కాబట్టి...”

“చెప్పింది ఓనరు. ఆపిందెవరని. ఆ ఓడలో ఎలక్ట్రీషియన్ మీ అన్నయ్యొక్కడే కదా?”

“... అన్నయ్యే.”

“ఊఁ.”

“భయపెట్టేరంట వదినా. బయటపడితే జైలే అని, అక్కడే ఏసీలు బాగుచేసుకుంటూ ఉండిపోయేడు. ఇప్పుడా ఓనరు చచ్చిపోయేడు. అందుకే ధైర్యం చేసి...”

“ఆ దేశంలో ఫోన్లు లేవేటి?”

“పాపం, వాడికి భయం కదే!”

“భయం. నది ఒడ్డున దోముహానీ ఘాట్‌లో నన్ను కూర్చోబెట్టినప్పుడు నా భయం ఎవరైనా అడిగేరా అత్తా?”

“మళ్లీ అదే మాట.”

“శవం దొరకనోడికి పన్నెండేళ్లు ఆగాలమ్మా అన్నారు పంతులుగారు. మీరు ఆగేరా? కర్మ తీరని చావున్న ఇంటికి పిల్లనియ్యం అన్నారు ప్రవీణ్‌కి అడిగిన అర్పితవాళ్లు. అంతే, బేగి కానిచ్చేద్దామన్నారు. మోదుగాకులతో ఆయన బొమ్మ కట్టించి, తలకాయకి కొబ్బరికాయ పెట్టి, తమ్ముడిచేత నిప్పు పెట్టించేరు. ఆ మంట ఆరకుండానే నా గాజులు పగలగొట్టేరు.”

“అందరూ చేసేదే చేసేను. నానేటి కొత్తగా కనిపెట్టేనా?”

“మా ప్రియ పెళ్లికి కద్మాలో పుట్టింటికెళ్తే మా అమ్మే నన్ను వంటగది దాటొద్దంది. సొంత చెల్లి తలంబ్రాలు కిటికీలోంచి చూసేను.”

“ఇంకెందుకే ఆ ఏడుపు? మళ్లీ ముత్తైదువ్వైపోతావు! పంతులుగారిని అన్నీ అడిగేసేను. దానికో పద్ధతుందంట.”

“ఏటి పద్ధతి?”

“కర్మ అయిపోయినోడు తిన్నగా గుమ్మం దాటకూడదు. ముందు నదిలో స్నానం చేయించాలి. అక్కణ్ణుంచి వాడు మళ్లీ పుట్టినట్టే. పసిబిడ్డకి చేసినవన్నీ వరసగా చెయ్యాలి.”

“అన్నయ్యకి బారసాల వదినా! నాలిక మీద తేనె రాసి, చెవిలో పేరు చెప్పాలంట. అంత మీసాలున్నోడికి!”

“నవ్వకురా ఎదవా. అవన్నీ అయ్యేక ఆఖర్న పెళ్లి.”

“ఎవరికి పెళ్లి?”

“ఇంకెవరికే, వాడికీ నీకూనూ. మళ్లీ పుట్టినోడికి పాత పెళ్లెక్కడుంటాది? తాళి కొత్తగా కట్టాల్సిందే.”

“పాత పెళ్లి పోయిందన్నారా పంతులుగారు?”

“పోయిందనే అన్నారు. కావాలంటే ప్రవీణుని అడుగు.”

“అవును వదినా. మళ్లీ తాళి కట్టేదాకా మీరిద్దరూ ఒకరికొకరు ఏమీ కారంట.”

“ఏమీ కామా?”

“ఒక్క పూటే కదే! రేపు సాయంత్రానికి అయిపోద్ది. అర్పిత కూడా పుట్టింటినుంచి వచ్చేత్తాది. నీ ఎర్ర పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చేసేను. బావుంటాదే నీకు, ఆ రంగు.”

“అత్తా, కొత్త పెళ్లంటున్నారు. పిల్లనడగరా?”

“ఏ పిల్లని?”

“పెళ్లికూతుర్ని.”

“నిన్నడగడమేటే? నీ మొగుడు కాడేటి వాడు?”

“కాడని ఇప్పుడే కదా చెప్పేరు.”

“పద్మా! మతి పోయిందేటి? పోయిన మొగుడు తిరిగొత్తే కళ్లకద్దుకోవాలి గానీ...”

“వదినా, గుస్సా మత్ కరో, కోప్పడకు. అన్నయ్య పాపం, ఎంతో ఆశతో వత్తన్నాడు.”

“రానీ. రేపు స్టేషన్‌కి నువ్వే వెళ్లు ప్రవీణ్. నది దగ్గరికొద్దు, బారసాలొద్దు. తిన్నగా ఇక్కడికే తీసుకురా. గుమ్మం దాటకూడదన్నారు కాబట్టి బయటే కుర్చీ వెయ్యి.”

“బయట కూర్చోబెట్టి?”

“రేపు పెళ్లిచూపులు. ఈసారి తల దించుకుని కూర్చునేది ఆయన, చూసేది నేను. చూసేసి, కబురు చేత్తానని చెప్పి పంపించేత్తాను.”