ఎర్నెస్ట్ సారు గాంధారం

ఇచ్చేస్త, ఇచ్చేస్త అంటరేంది మాబెలమ్మా? సారు పోయి నలభై దినాలు గూడ కాలే. గప్పుడే ఆయన హార్మోనియం ఇంట్ల బరువైందా?

లే, లే, కోపం చేస్త లేను. నాకేం హక్కుంది కోపం చెయ్యనీకి. కూసోండి. గా స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతది. గీ కుర్సీల కూసోండి. జర రైలు పోనియ్యున్రి. నాంపల్లి టేషన్ పక్కకు దుకాణం పెట్టి ముప్ఫై ఏండ్లాయె, రైలొస్తే నోరు మూసుకునుడు అలవాటైంది నాకు.

ఆ, పోయింది.

సోమారం నాడు పెట్టె తెచ్చి మీరేమన్నరు? 'సదాశివా, దీన్ని సికింద్రాబాద్ల మా తమ్ముడు దేవప్రసాద్ వాళ్ళ ప్రార్థన గుడికి ఇచ్చేస్త. ఇంట్ల ఉంటే చూడలేకపోతున్న. జర బాగుచేసి పెట్టు' అన్నరు. గంతే గదా? గియ్యాల శుక్రారం. పెట్టె తయారు కాలే. మూత తీసి ఉంది, రీడ్లన్ని బల్ల మీద పరిచి ఉన్నయి. ఏంది గిదంతా అంటున్నరు. చెప్తనమ్మా. చెప్పనీకే కూసోమన్న. చెప్పుడే వస్త లేదు.

ఈ పెట్టె నా దుకాణంకు మొదటిసారి ఎప్పుడొచ్చిందో మీకు యాదుందా? అరవై రెండుల. నుమాయిష్ ఎగ్జిబిషన్ నడుస్తుండె, గాడికెళ్ళి మైకుల పాటలు గీడిదాక వినొస్తుండె, గందుకే నాకు బాగ యాదికుంది. సారు పార్సిల్ ఆఫీసుల డ్యూటీ దిగి, కూలీ నెత్తిన పెట్టిచ్చుకొని సీదా వచ్చిండు. తిత్తి చినిగింది, గాలి పోతుంది, అతికియ్యి అన్నడు. తిత్తి ఒక్కటే. రీడ్ల మాట ఎత్తనే లేదు. జర గది మనసుల పెట్టుకోండి, మళ్ళ చెప్త.

మా ఉస్తాద్ నాకు మొదలు నేర్పిన పనేందో తెల్సా? గీకుడు కాదు, అతుకుడు కాదు. పెట్టె మూత తీసుడుకు ముందు, అది ఎవరిదో వాళ్ళతోని ఒక పాట పాడిపియ్యాలె. వాళ్ళ గొంతు ఏడ నిలవడుతదో వినాలె. గప్పుడు మరలు తిప్పే పేచ్‌కస్ పట్టాలె. ఎవరొచ్చినా గంతే. దర్గా కాడ కవ్వాలీ పాడేటోళ్ళొస్తరు, వాళ్ళకు సురు జర ఎక్కి ఉండాలె, లేకుంటే గంత జనంల గొంతు మునిగిపోతదంటరు. నాటకాలోళ్ళొస్తరు, వాళ్ళు ఏడ్సే పద్యానికి ఒక తీరు అడుగుతరు, కొట్లాట పద్యానికి ఇంకో తీరు అడుగుతరు. మార్వాడీ ఆడోళ్ళ భజన పెట్టె నాటకాలోళ్ళ ముందట వాయిస్తే చెవులు మూసుకుంటరు. మా ఉస్తాద్ మాత్రం అందరి పాటకూ తలకాయ ఊపేటోడు. 'ఎవరి పాట వాళ్ళ ఇల్లుర బేటా, నువ్వు పోయి వాకిలి మార్చకు' అనేటోడు.

నేను లోపల నవ్వుకునేటోన్ని. ముసలాయనకు ఏం తెలుసు అనుకునేటోన్ని. సురు ఒక్కటే ఉంటది, మిగిలినోళ్ళు దాని చుట్టుపక్కల తిరుగుతరు, గది నా చెవికి దొరికింది అనుకునేటోన్ని. జవానీల ఎంత పొగరమ్మా మనిషికి.

సారుకు మా రివాజు తెలుసు. గీడనే, గా మూలకు కూసొని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, 'పాడాల్నా సదాశివా?' అని అడిగిండు. 'మా నాయిన ఊరోళ్ళకు నేర్పిన పాట ఉంది. దాంట్ల గాంధారం జర తీరు వేరే ఉంటది, విను' అని గొంతు గూడ సవరించుకున్నడు.

గప్పుడు దుకాణంల లక్ష్మణరావు సారు కూసోని ఉండె. హిమాయత్‌నగర్ల బేస్తారం బేస్తారం భజన పెట్టేటాయన, కోర్టుల పెద్ద గుమస్తా. ఆయన మాట మీద నాకు నలుగురు వచ్చేటోళ్ళు. ఆయన ముందట ఏసు పాట పాడిపిస్తే ఏమనుకుంటడో అని జంకిన.

వద్దు సారు, అన్న. తిత్తి పనే గదా, పాట అవసరం లేదు, పెట్టి పోండి అన్న.

లక్ష్మణరావు ఒక్క మాటనలేదమ్మా. అబద్ధం ఎందుకు చెప్పాలె, ఆయన పేపర్ల నుంచి తలకాయనే ఎత్తలే. అంటడేమోనని నాకు నేనే అనుకున్న. సారు మోకాళ్ళ మీది చేతులు తీసిండు. 'సరే తియ్యి' అని లేచి పోయిండు. నా దుకాణంల పాడకుంట పోయిన మనిషి ఆయన ఒక్కడే.

తిత్తి అతికిచ్చిన. మెట్లన్ని ఒక్కొక్కటి వత్తి చూసిన. నడుమల గాంధారం కింద ఉంది. దిగిన కోమల్ కాదు, ఎక్కిన శుద్ధ్ కాదు, రెంటికీ నడుమ ఏడనో. రీడు తీసి చూస్తే ఇత్తడి నాలుక మొదట్ల చాకు గీతలున్నయి. ఎవడో చేతకానోడు పాడుచేసిండు అనుకున్న. నాలుక కొస దిక్కు గీకితే సురు పైకెక్కుతది. గీకిన. నాలుగు గీతల్ల సక్కగ కూసుంది. నా భుజం నేనే తట్టుకున్న. సారుకు చెప్పలే. అడగకుంటనే మెహర్బానీ చేసిన గదా, చెప్పుడెందుకు అనుకున్న.

ఔ మాబెలమ్మా. నేనే. గా పని చేసింది నేనే.

ఆగున్రి, ఇంకా ఉంది. గింతే అయితే నేను గింత కుములుతుంటినా? గిది తప్పు. ఎవరన్న చేస్తరు. దీని తర్వాతది తప్పు కాదు, గది పాపం.

మూడు వారాలైనంక సారు వచ్చిండు. మనిషి సగమయిండు. ఐతారం ప్రార్థనల తాను వాయిస్తుంటే జనాల పాట ఒక దిక్కు పోతున్నదట, పెట్టె ఒక దిక్కు పోతున్నదట. పాస్టరు వరప్రసాద్ అయ్యగారు అందరి ముందట, 'ఎర్నెస్ట్ గారు, జర చూసుకోండి' అన్నడట. గా కుర్సీల కూసొని నన్నేమడిగిండో తెల్సా? 'సదాశివా, పెట్టె మారిందా, నా చెవులు మారినయా? నువ్వైతే నిజం చెప్తవు' అన్నడు.

గా దినం దుకాణంల లక్ష్మణరావు లేడు. ఎవరూ లేరు. నాలుక మొదలు దిక్కు జర గీకితే సురు మళ్ళ దిగుతుండె. గంట పని. 'నేనే గెలికిన సారు, ఇటియ్యుండ్రి' అంటే అయిపోవు.

పెట్టె బరాబర్ ఉంది సారు, అన్న. వయసు మీద పడ్డంక చెవులు గట్లనే అయితయి, అన్న.

నలభై తొమ్మిదేండ్లే ఆయనకు. నవ్విండు. 'గట్లనా' అన్నడు. నమ్మిండమ్మా. నాంపల్లిల సదాశివ చెవికి మించింది లేదని నేను చెప్పుకునేటోన్ని, ఆయన దాన్ని నమ్మిండు.

ఆయన చెవులల్ల మందు చుక్కలు ఏసేదాన్ని అన్నరు గదా మీరు. దవాఖాన చుట్టూ తిరిగినమన్నరు. ఆయన చెవులకు ఏ రోగం లేకుండె. గుడిల వాయించుడు ఇడిచిపెట్టిండు, ఐతారం ఐతారం గీ పెట్టెనే తీస్కపోయి వేరే ఎవరో వాయించిన్రు. ఇంట్ల గూడ ఇడిచిపెట్టిండంటిరి, గడ్డం గీసుకునేటప్పుడు గూడ కూనిరాగం లేదంటిరి. తొమ్మిదేండ్లు. రోజు గీ రోడ్డు మీదికెళ్ళే ఆఫీసుకు పోయేటోడు. నన్ను చూసి, చెవి దిక్కు వేలు చూపిచ్చి, నవ్వి పోయేటోడు. నేను గూడ నవ్వేటోన్ని. రోజు నవ్విన. గా నవ్వుకు నన్ను ఏ దేవుడు, మీ దేవుడు గానీ మా దేవుడు గానీ, మాఫ్ చేస్తడు చెప్పున్రి.

ఆయన పోయినంక పలకరిద్దామని మీ ఇంటికొచ్చిన గదా. మీరు ఆయన ముచ్చట్లు చెప్పుకుంట మీ మామగారి ముచ్చట చెప్పిన్రు. మెదక్ దిక్కు ఊర్ల బడి పంతులు. మిషన్ తెల్ల దొరసాని నేర్పిన పాట నాట్లేసే ఆడోళ్ళ నోటికి ఎక్కలేదు. గాంధారం కాడికి రాంగనే వాళ్ళ నాటు పాటల ఉన్న తీరుగ గొంతు కిందికి జారేది. దొరసాని పది సార్లు దిద్దింది, ఆడోళ్ళు సిగ్గుపడి పాడుడే బంద్ పెట్టిన్రు. గప్పుడు మీ మామ ఏం చేసిండు? ఆడోళ్ళను దిద్దలే. పెన్సిల్ చెక్కే చాకు తీసి గీ పెట్టెల గాంధారాన్నే దించిండు. మళ్ళ ఐతారం గుడంత నిండిందట. ఊరోళ్ళు పట్నం వచ్చినా అదే తీరు పాడిన్రట.

మీరు గర్వంగ చెప్తున్నరు. నా చేతిల చాయ్ చల్లగైపోయింది. చేతకానోడు అనుకున్న గదా నేను ఆయన్ని.

గందుకే మీరు సోమారం పెట్టె తెచ్చి పెట్టంగనే అనుకున్న, ముందుగాల గాంధారం దించాలె అని. కూసున్న. ఎంత దించాలె? గప్పుడు విన్న గదా అంటరు. విన్న, తప్పని విన్న. తప్పును ఎవరు యాది పెట్టుకుంటరమ్మా? కొంచెం గీకిన, కాదనిపిచ్చింది. ఇంకొంచెం గీకిన, గది గూడ కాదనిపిచ్చింది. ఇటు నేను గీకి, అటు మీ మామ గీకి, ఇత్తడి పలుచనై ఉండె. బుధారం పొద్దుగాల చేతులనే టప్పుమని ఇరిగింది. గదిగో, రుమాలు మీద ఉంది చూడున్రి. మీ మామ చాకు గీతలు ఇంక కనిపిస్తున్నయి.

కొత్త నాలుక ఉంది నా దగ్గర. దాన్ని ఏ సురుకు గీకాలె? మీరు పాడున్రి మాబెలమ్మా. మామగారి పాట. గట్టిగ పాడున్రి, రోడ్డు మీద జనాలు నిలవడి చూస్తే చూడనియ్యున్రి. లక్ష్మణరావు వచ్చి కూసున్నా సరే. నేను గీడ, మీ ముందట, కింద కూసుంట.

ఆ... పోనియ్యున్రి... గొంతు మంచిగుంది... ఇంకొక్కసారి, గాంధారం వచ్చే సాలు, గా ఒక్క వరుస ఇంకొక్కసారి.

ఆగున్రి.

గది కాదమ్మా. మీరు పాడింది నేను గీకిన సురు. తొమ్మిదేండ్ల సంది గుడిల గా పెట్టెతోని పాడి పాడి మీ గొంతు గూడ గాడికే పోయింది. మళ్ళ పాడినా గట్లనే వస్తది, మీ తప్పు కాదు. మీ గుడిల ముసలోళ్ళు? వాళ్ళు గూడ గింతేనా. ఊర్ల నాట్లేసినోళ్ళు ఎవరన్న... ఎవరూ లేరంటరు. యాభై ఏండ్ల కిందటి ముచ్చటాయె.

ఏడ్వకున్రి. లే, ఏడ్వున్రి, నన్ను తిట్టుండ్రి.

పెట్టె తీస్కపోండి. గా ఒక్క మెట్టు వత్తితే ఏం పలకది, దేవప్రసాద్‌కు చెప్పున్రి. కొత్తది ఎయ్య. ఏసి నా సురునే ఇంకో గుడికి పంపియ్య.

ఒక్కసారి వింటే పాట మర్చిపోను నేను. గిది పొగరు కాదమ్మా, నిజం. కవ్వాలీలు, పద్యాలు, భజనలు, ముప్ఫై ఏండ్లల్ల గీ దుకాణంల ఎవరేం పాడిన్రో అన్ని నా చెవులల్ల ఉన్నయి. సారును గా దినం ఒక్క సాలు పాడనిచ్చి ఉంటే, గది గూడ ఉంటుండె.