కుందూ ఒడ్డున స్వీడన్ పాట

ఆపొద్దు పాపా, ఆ ఫోను ఆపొద్దు. ఏందీ, పిచ్చిపాటా? ఎవరో ఆడామె గొంతు చించుకొని అరుస్తాందా? నీకట్ల ఇనపడతాందేమో గాని, ఆ మాదిరి పాట నంద్యాలలో నేను డెబ్బై ఆరులోనే ఇన్న్యా. మీ అమ్మ అప్పుడు లంగా ఏసుకొని బడికి పోతాండె. కూర్చో ప్రసన్నా, కూర్చో. కృపావరం తెలీదా నీకు? అయ్యో, కృపావరం తెలీకుండా ఈ ఊర్లో పుట్టినావా! ఆదివారం పొద్దున చర్చిలో వాయించేది ఆయప్పే, నాటకాల్లో హార్మోనియం పెట్టె ముందర కూర్చునేది ఆయప్పే. సీతారామన్న కంపెనీ. నేను తబలా. కృపావరం రాగం ఎత్తుకుంటే చాలు, 'వన్స్ మోర్' అని ఒకటే ఈలలు. ఒక్కో పద్యం మూడుసార్లు పాడాల్సిందే. యుద్ధంలో చచ్చిపడినోడు గూడా లేసి పద్యం పాడి, మల్ల పండుకొని చచ్చేటోడు! నవ్వుతాండావా? ఒట్టు, నా కండ్లారా చూసినా.

ఇంగ స్వీడన్ సంగతి. మిషన్ ఆసుపత్రిలో ఆ దేశపు నర్సమ్మ ఒకామె ఉండె. మనిషి తాటిచెట్టంత. మాట్లాడితే మాత్రం 'ఏం నాయనా, యాడ నొస్తాంది' అని అచ్చం మన యాసే. ఆమె దేశానికి పోతా పోతా ఒక గ్రామఫోను, నాలుగు రికార్డులు కృపావరం చేతిలో పెట్టిపాయ. వాళ్ల దేశపు దొర ఒకాయన కట్టిన పాటల నాటకాలంట. ఆపెరా అంటారు. ఆ దొర వయసులో అందరికీ నచ్చేటివే కట్టినాడంట. యాభై దాటినాక అవన్నీ మూలకేసి, మనిషి నిజంగా ఏడ్చేటప్పుడు గొంతు ఎట్ల పోతాదో అట్లనే పాట రాయల్ల అని పట్టుబట్టినాడంట. జనం సగంలోనే లేసిపోయేటోళ్లంట. మొదటి దినం కృపావరం పెట్టి ఇని, సూది చెడిందేమో అని సూది మార్చినాడు. మల్ల అదే కూత. మూడో దినం నన్ను పిలిపించె. 'ఇనప్పా ఇను! శృతి యాడుంది చెప్పు! తాళం యాడుంది! ఏమీ లేదు, అయినా ఏడుపొస్తాందా లేదా?' అని నా భుజాలు పట్టి ఊపుతాండాడు. నాకు ఏడుపు రాలే, తలనొప్పి వచ్చె. ఆ మాటే అన్న్యా. వారం దినాలు నాతో పలకల్యా!

రికార్డు అట్ట మీద కత ఇంగ్లీషులో ఉండె. నేను మిషన్ బడిలో సదివినోన్ని గదా, సదివి చెప్పినా. ఒక తల్లి ఉంటాది. కొడుకు గడ్డకట్టిన చెరువు మీద నడిచిపోతాంటే మంచు పగిలి మునిగిపోతాడు. తల్లి గట్టు మీద నిలబడి పేరు పెట్టి పిలుస్తానే ఉంటాది, తెర పడ్తాది. అంతే. కృపావరం ఎగిరి లేసినాడు. 'మంచు లేకుంటే ఏంది, మనకు కుందూ ఉంది గదప్పా! వరదకు ఎంతమందిని తీసకపోలా!' ఇంగ ఆయప్పను పట్టేటోడు లేడు. రెండేండ్లు ఆ కతను మన నాటకంగా కట్టేదే లోకం. చర్చిలో పాడే దెబోరా అనే పిల్లను పట్టుకొచ్చి నేర్పిస్తాండె. 'పాడొద్దు బిడ్డా, పిలువు. నీ కొడుకును పిలువు' అంటే, 'నాకు పెండ్లే కాల్యా మామా' అనె ఆ పిల్ల. 'ఐతే మీ తమ్మున్ని పిలువు!' అని ఈయన కసురు.

సీతారామన్న తెగేసి చెప్పె. 'ఆళ్లగడ్డ టూరింగు టాకీసులో మ్యాట్నీ టైముకు ఒక్క ఆట ఇస్తా. ఒక్క వన్స్ మోర్ రావల్ల. రాలేదా, నా కంపెనీలో నువ్వు లేవు.' ఇరవై ఏండ్లు ఆ స్టేజీ పక్కనే బతికినోడు, అది పోతే ఏమైపోతాడు? అయినా 'సరేన్నా' అనేసె మొండోడు!

కొలిమిగుండ్ల నుంచి గూడా బండ్లు కట్టుకొని వచ్చిరి జనం. మొదట్లో నవ్వినారు. 'పిల్లకు కడుపునొప్పేమో' అన్న్యాడొకడు. దెబోరా నాటకంలో కొడుకును పిలుస్తాండె, 'ఓబులేసూ... ఒరే ఓబులేసూ...' గొంతు యాడికో పైకి పాయ, పగిలె, గుసగుస అయిపాయ, మల్ల లేసె. నా చేతులు తబలా మీదనే ఆగిపాయ. నవ్వినోడు నోరు మూసె. తెర లాగాల్సినోడు తాడు ఇడిచిపెట్టి ఏడుస్తాండాడు. తెర పడదు, పిల్ల పిలుపు ఆపదు, జనంలో ఒక్కడు పలకడు. వన్స్ మోర్ యాడ! సీతారామన్న పక్కనుంచి కండ్లెర్ర జేస్తాండాడు. అప్పుడు లేసింది పాపా, బండి ఆత్మకూరు ఊరి నుంచి వచ్చిన వెంకటలక్ష్మమ్మ అని ఒక అవ్వ. నేరుగా స్టేజీ ఎక్కి, దెబోరా మొగం కొంగుతో తుడిచి, 'ఇంగ పిలవొద్దు బిడ్డా. రాడు. ఇంటికి పోదాం పా' అని చెయ్యి పట్టుకొని దింపక పాయ! జనం దారి ఇచ్చిరి. ఇద్దరూ ఎండలోకి పోయిందాకా కృపావరం హార్మోనియంలో ఒకే మెట్టు మీద ఏలు పెట్టి అట్లే పట్టినాడు.

'వన్స్ మోర్ రాల్యా కృపావరం' అన్న్యాడు సీతారామన్న. 'రాల్యాన్నా! తీసేయన్నా!' అని ఎగురుతాండాడు మనిషి, కండ్లల్లో నీళ్లు. 'ముగింపు దొరికిందన్నా! ఆ దొరకు గూడా దొరకని ముగింపు! స్వీడన్‌కు జాబు రాయల్ల!' కంపెనీ ఆ పొద్దే పాయ. ఆయప్పకు పట్టనే పట్టల్యా. జాబు నాతోనే ఇంగ్లీషులో రాయించె, దొరకు అందించమని నర్సమ్మకు. అడ్రసు నాదే ఏసినా. మూడు నెలలకు నర్సమ్మ కాడ్నుంచి జవాబొచ్చె. దొర పోయి ఏడాదాయెనంట.

ఎట్ల చెప్పల్ల పాపా? 'ఇంగా రాలేదప్పా' అన్న్యా. ఎనిమిదేండ్లు అదే చెప్పినా. కడాకు ఆసుపత్రి మంచం మీద, ఎనభై ఆరులో, మల్ల అడిగె. 'వచ్చిందప్పా' అన్న్యా ఈసారి. 'సదువు' అనె. ఆ పాత జాబే జేబులోంచి తీసి, దాంట్లో లేనిదంతా సదివినా. అవ్వను స్టేజీ ఎక్కిస్తానన్న్యాడప్పా దొర, మీ ఆళ్లగడ్డ మాదిరే చేస్తానన్న్యాడు, అని. కృపావరం కండ్లు మూసుకొని ఇంటాండె. కింద నర్సమ్మ సంతకం కాడికి వచ్చినా, ఆడ దొర పేరు సదవల్ల...

ఆ కిటికీ మూయమ్మా. ఎండ మొగాన పడతాంది.