గురువుగారికి రాసిన జవాబు

1938లో ఓ సాయంత్రం, ఏలూరులో సైన్సు మేష్టారు జర్మనీ నుంచి వచ్చిన ఉత్తరం చేత్తో పట్టుకుని మళ్ళీ మళ్ళీ చదువుతున్నారు.

“ఎవరండీ రాసిందీ?” అంది భార్య.

“బెర్లిన్‌లో నాకు చదువు చెప్పిన గురువుగారు. యూదుడని ఉద్యోగంలోంచి తీసేశారు. ఇక్కడికి రావడానికి నన్ను పూచీ ఉండమని పోయినేడు అడిగారు.”

“మీరేం రాశారు?”

“ఇక్కడి ఇంగ్లీషు దొరలతో గొడవెందుకని, చూద్దామన్నాను.”

“అంటే కాదనేగా!”

“మనకైతే అంతే. ఆయన నిజంగానే చూస్తున్నాననుకున్నారు. ఇల్లమ్మేసి, భార్యతో ఓడరేవులో నా పూచీ కాగితం కోసం కాచుక్కూచున్నారట.”

“అయ్యో! అక్కడ మీకు జ్వరమొస్తే నెల్లాళ్ళు గంజి కాచిపోసింది ఆవిడేగా? గుండుగొలనులో మనిల్లు ఖాళీగానే ఉంది. ఇవాళే సంతకం పెట్టి పంపండి.”

మేష్టారు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. తలెత్తకుండానే అన్నారు: “చూద్దాం.”