మోగితే సున్నా

శ్రీకాకుళం కాలేజీ ల్యాబులో వెబ్ ప్రోగ్రామింగ్ మొదటి పరీక్ష. బయట గాలి కిటికీ రెక్కల్ని బాదుతోంది. అందరూ ఫోన్లు తెచ్చి సారు బల్ల మీద పెట్టేశారు. ఒక అమ్మాయికి మాత్రం ఫోను పట్టుకున్న గుప్పిట విప్పడానికి భయంగా ఉంది.

"రూల్సు మొదటిరోజే చెప్పాను కదమ్మా. కాపీ కొట్టినా సున్నా, ల్యాబులో ఫోను మోగినా సున్నా. మళ్ళీ పరీక్ష ఉండదు."

"తెలుసు సార్. మా అయ్య నిన్న సముద్రం మీదికి ఏటకెల్లాడు. వాయుగుండమని అందరూ ఒడ్డుకొచ్చేసినారు. మా తెప్పొక్కటే రానేదు."

"అయ్యో. అయితే ఇంటికెళ్ళు."

"ఎల్లి ఏటి సేస్తాను సార్? అమ్మ ఒడ్డునే కూకుంది. పరీక్ష మానితే అయ్య ఊరుకోడు."

"మరైతే సైలెంట్‌లో పెట్టి ఇలా ఇవ్వు."

"ఒద్దు సార్! సముద్రంలో సిగ్నలుండదు. ఒడ్డు కనబడగానే నాకు మిస్డ్ కాల్ ఇస్తాడు. ఎప్పుడూ అంతే. నాను ఎత్తను సార్, మోగితే సాలు."

"మోగితే సున్నా వెయ్యాల్సొస్తుందమ్మా."

"ఎయ్యండి సార్. ఆ సున్నా రావాలనే పొద్దున్నించీ మొక్కుకుంటన్నాను."

ఆయన కిటికీ వైపు ఒకసారి చూసి, ఫోను కోసం చెయ్యి చాపాడు.

"సౌండు ఫుల్లుగా పెట్టావా?"