నాలుగు వేళ్ళ మచ్చ

ఇంకా పైకి మడవాలా చొక్కా చెయ్యి? ఇక్కడిదాకా చాలదూ? చూడండి మేడం, బాగా చూడండి. ఫొటో తీసుకుంటానంటే తీసుకోండి. అంత పెద్ద ఆఫీసు నుంచి ఇంత దూరం రెండోసారి కూడా వచ్చి నా మోచెయ్యి చూడకుండా వెళ్తే ఏం బాగుంటుంది?

ఇది ఇస్త్రీ బల్ల అంచు. ఇది తలుపు గడియ. ఇదా? ఇదేంటో నాకే తెలీదు. ఓ రోజు పొద్దున లేచి చూస్తే ఉంది. ఈమధ్య నా ఒంటిమీదకి మచ్చలు చుట్టాల్లాగా చెప్పాపెట్టకుండా వస్తున్నాయి. ఒక్కోదాన్నీ ఎక్కణ్ణించి వచ్చావని అడుగుతూ కూచోనా?

రాసుకోండి, రాసుకోండి. "తెలీదంటోంది, భయపడుతోంది" అనే కదూ రాస్తున్నారు? మీ మొహంలోనే కనబడుతోందిలెండి. భయమా, నాకా! నా నోటికి జడిసి పాలవాడు నీళ్ళు కలపడం మానేశాడు. కావాలంటే వెళ్ళి అడగండి.

ఫిర్యాదు ఎవరిచ్చారో చెప్పకూడదంటారు. చెప్పకండి. నాకు తెలీదా ఏంటి! ఎదురింటావిడ. మేమావిణ్ణి కిటికీ అంటాం. అసలు పేరు ఎప్పుడో మర్చిపోయాం. తన పొయ్యిమీద గిన్నె మాడి మసైపోతున్నా వాసన తగలదు గానీ, మా ఇంట్లో చెంచా కింద పడితే చాలు, తల చువ్వల్లోంచి బయటికొస్తుంది. ఏమని చెప్పింది? "చిన్నకోడలు పెద్దకోడల్ని కొడుతోంది, రోజూ అరుపులు, ఒంటినిండా దెబ్బలు." అంతేనా? ఇంకేమైనా మసాలా కలిపిందా?

అరుపులట! అరుపులు కాక ఏం వినబడతాయి? తోడికోడళ్ళం మేడం మేం. ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చి, జుట్టు నెరిసేదాకా ఒకే కప్పు కింద పడి ఉన్నాం. మా ఆయనా, మా చిన్నదాని మొగుడూ అన్నదమ్ములు. ఇద్దరూ ఈ లాండ్రీ మా నెత్తిన పెట్టి ఒకళ్ళ వెనక ఒకళ్ళు పైకి చక్కాపోయారు. పిల్లా జెల్లా ఎవరూ లేరు. సోడా గుమ్మరించావని దాన్ని నేను తిట్టాలి, నీలిమందు పిసినారితనంగా వేశావని నన్ను అది తిట్టాలి. లేకపోతే మాకు పొద్దెలా పోతుంది?

మణికట్టు దగ్గర ఈ పట్టీలాంటి మచ్చ చూసి, తాడుతో కట్టేసినట్టుందన్నారు పోయినసారి. గుర్తుందా? అప్పుడు నవ్వొచ్చి ఊరుకున్నా. మీరెప్పుడైనా తడి దుప్పటి పిండారా? లాడ్జీవాళ్ళ డబుల్ దుప్పటి? మా పాత మిషను ఉతుకుతుంది గానీ పిండదు. చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా నిలబడి మెలిపెట్టాలి. బిగిసేకొద్దీ అది చేతిలోంచి జారుతుంది, జారకుండా కొసని ముంజేతికి ఓ చుట్టు చుట్టుకుంటాం. ఆ తరవాత లాగాలి. చిన్నది ఒక్క గుంజు గుంజితే నేనో అడుగు ముందుకి పడతా, నేను గుంజితే అది పడుతుంది. ఇన్నేళ్ళూ అలాగే చేశాం, ఎప్పుడూ గోరంత మచ్చ పడలేదు. ఇప్పుడు పడుతోంది, ఎందుకంటే మాత్రలు మింగుతున్నా కాబట్టి. ఇందులో బోధపడనిదేముంది?

సరే, మళ్ళీ చెప్తా. నా గుండె లయ తప్పి కొట్టుకుంటోందట. అలా కొట్టుకుంటే లోపల రక్తం గడ్డకడుతుందట, ఆ గడ్డ వెళ్ళి మెదడులో అడ్డం పడితే మనిషి మూలన పడుతుందట. అందుకని గుండె డాక్టరు రక్తం పలచబడే మాత్ర ఇచ్చాడు. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకి ఎక్కడ ఏం తగిలినా కమిలిపోతుంది. వేరేవాళ్ళు పట్టించుకోని దెబ్బకి నా ఒళ్ళు వంకాయ రంగుకి తిరుగుతుంది. తరవాత పచ్చబడుతుంది, తరవాత పసుపు, తరవాత పోతుంది. ఈలోపు పక్కన ఇంకోటి.

"మచ్చలకి కంగారు పడకండి, తల మాత్రం జాగ్రత్త" అన్నాడట డాక్టరు. "తలకి దెబ్బ తగిలితే లోపల రక్తం ఆగదు, పైకేమీ కనబడకపోయినా పరిగెత్తుకుని రండి" అన్నాడట. నేను వినలేదు. ఆ టైములో ఆయన కాలరు చూస్తున్నా. అంత చదువుకున్న మనిషి, అంత దరిద్రపు ఇస్త్రీతో ఎలా తిరుగుతాడో! చిన్నది విన్నది. విని ఊరుకుందా? ఇంటికొచ్చి పెత్తనం మొదలెట్టింది. "అక్కా అటెళ్ళకు, అక్కా బల్ల ఎక్కకు, అక్కా మాత్ర మింగావా, ఏదీ నోరు తెరు." నోరు తెరవాలట, ఈ వయసులో, దాని ముందు!

ఆ బల్ల మూలలు చూడండి. మీ పక్కదే. పాత తువాళ్ళు చుట్టి కట్టింది. గూటికి, మంచం కోళ్ళకి, ఆఖరికి నీళ్ళ కుళాయికి కూడా. ఇల్లు ఇల్లులా లేదు, ఆస్పత్రిలో కట్లు కట్టించుకుని వచ్చిన రోగిలా ఉంది. మీరిందాకట్నించి దానికే ఆనుకుని రాస్తున్నారు. నా చేతిమీద మచ్చ కనబడింది గానీ మీ మోచేతికింద తువాలు కనబడలేదు. శిక్షణ ఇస్తారు కదండీ మీకు? ఏం నేర్పుతారు అందులో?

ఆ, వచ్చారా దీని దగ్గరికి. తెలుసు, మీరొచ్చింది దీనికోసమే. జబ్బమీద నాలుగు వేళ్ళు, ఇవతలవైపు బొటనవేలు. అచ్చుగుద్దినట్టు పడింది. ఇప్పుడు పసుపుపచ్చగా మాసిపోయింది గానీ, కొత్తలో అయితే చూడ్డానికి భయం వేసేది.

ఇది చిన్నది చేసిందే. అవును. రాయండి, కలం ఆపారేం?

ఉతికే చోట సబ్బునీళ్ళు. నా కాలు సర్రున జారింది. వెనక సిమెంటు తొట్టి ఉంది, దాని అంచు సరిగ్గా నా తల ఎత్తుకి వస్తుంది పడితే. చిన్నది అవతల దుప్పటి జాడిస్తోంది. ఎలా వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో, నా జబ్బ దొరకబుచ్చుకుని ఒక్క ఊపున గుంజింది. భుజం ఊడి దాని చేతికొచ్చిందనుకున్నా. "కళ్ళు నెత్తికెక్కాయా, చచ్చేదానివి" అని నోటికొచ్చినట్టు తిట్టింది. నేనూరుకుంటానా? "చంపేశావు కదే నన్ను, చెయ్యి విరగ్గొట్టావు కదే" అని గోలగోల చేశా. అదీ ఆ కిటికీ మహాతల్లి చెవిన పడింది.

చెప్పొచ్చుగా అప్పుడే అంటారా? ఎవరికి చెప్పాలి? సందు సందుకీ వెళ్ళి, మా చిన్నది నన్ను కాపాడింది అని దండోరా వెయ్యనా? దానికే చెప్పలేదు నేను. కాపాడింది కదా అని నెత్తినెక్కించుకుంటే ఇంక నన్ను బతకనిస్తుందా!

మీరేం చేశారో తెలుసా మేడం? పోయినసారి దాన్ని విడిగా లోపలి గదిలో కూచోబెట్టి అడిగారు. ఏమడిగారో అది చెప్పలేదు, నేను అడగలేదు. బయటికొచ్చి తన అరచేతులు తిరగేసి మరగేసి చూసుకుంది. అంతే. అప్పట్నించి నన్ను ముట్టుకోవట్లేదు. మాత్ర గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోతుంది. నోరు తెరవమనదు. నేనేమన్నా "సరే అక్కా" అంటుంది. సోడా ఎక్కువైందే అంటే సరే అక్కా. అన్నంలో ఉప్పు లేదే అంటే సరే అక్కా. నిన్న కావాలని నీలిమందు సీసా పారబోశా. తుడిచేసి వెళ్ళింది, పల్లెత్తు మాట లేదు.

లాడ్జీవాళ్ళ మూటలు ఉతక్కుండానే తిప్పి పంపించేసింది. "నా చేతులు మొరటు అక్కా, నీకు సరిపడవు" అంటుంది. రేపు వాళ్ళన్న దగ్గరికి వెళ్ళిపోతుందట. ఆ అన్నని నేనెరుగుదును. చెల్లెలు గుమ్మంలో కనబడితే చీపురు ఎక్కడుందో చూపించే రకం. సంచి సర్దేసుకుంది. ఆ గదిలోనే ఉంది, తలుపు వేసుకుని.

ఏంటన్నారు?

అవును, లేవు. కొత్త మచ్చలేమీ లేవు. ఉన్నవన్నీ పాతవే, మాసిపోతున్నాయి. అయితే?

ఓహో! అది దూరంగా ఉన్నప్పట్నించి మచ్చల్లేవు కాబట్టి, మచ్చలన్నీ దానివల్లేనన్నమాట! అబ్బ, ఏం తెలివండీ! దీనికి జీతం కూడా ఇస్తున్నారా మీకు? దుప్పటి పిండితే కదా మణికట్టు కమిలేది? మూట ఎత్తితే కదా తొడకి తగిలేది? రెండో కొస పట్టుకునే మనిషి లేదు, పని లేదు. కుర్చీలో బొమ్మలా కూచుంటే మచ్చెందుకు పడుతుంది? కూచుని కూచుని నా ఒళ్ళు పెళ్ళికూతురి ఒళ్ళులా తయారైంది. అద్దంలో చూసుకుంటే ఒళ్ళు మండిపోతోంది నాకు.

ఉండమని నన్నే అడగమంటారా? భలేవారే. నాకు తిట్టడం వచ్చు మేడం, బతిమాలడం రాదు. ఎవరూ నేర్పలేదు, ఇప్పటిదాకా అవసరమూ పడలేదు. ఇవాళ పొద్దున వెళ్ళానులెండి ఆ గుమ్మం దాకా. లోపల అది చీర మడతపెడుతోంది, ఒక్కత్తే, గడ్డంకింద కొస అదిమిపెట్టుకుని. నోరు తెరిచా. "నా దువ్వెన గానీ నీ సంచిలో వేసుకున్నావా" అని అడిగి వచ్చేశా.

కాస్త ఇలా దగ్గరికి రండి. మెల్లగా, దానికి పాముచెవులు. అది వెళ్తే నేను బతకను. మాత్రలున్నా బతకను. విన్నారా? విన్నారు కదా, ఇంక మళ్ళీ చెప్పించకండి.

మీ దగ్గర సీలు ఉంది, సంతకం ఉంది, మీరు చెప్తే అది వింటుంది, ఆఫీసంటే దానికి హడలు. విచారణ పూర్తయ్యేదాకా ఈ ఇల్లు కదలడానికి వీల్లేదని ఆర్డరెయ్యండి. ఆ విచారణ ఎప్పటికీ తెమలకుండా చూడండి, మీ ఆఫీసుకది కొత్తేం కాదుగా.

నేనడిగానని మాత్రం చెప్పకండి.