బామ్మర్ది వాన

హలో… ఆ, నేనే తమ్మీ. నర్మదక్కనే. ఎత్తుతవనుకోలే.

…

తిన్నలే గని, గది ఇడిసిపెట్టు. ఎల్లుండి మీ బావ దినాలు. పుట్టింటి చీర నువ్వే తేవాలె. మట్టికి వచ్చి, ఎనకనే నిలబడి ఎల్లిపోయినవ్. మల్ల మొకం చూపియ్యలే. ఇబ్రహీంపట్నం ఏమన్న దూరమా నీకు?

…

బావ నీ వల్లనే పోయిండని ఎవలంటున్నరు? మా మామనా? కొడుకు పోయినోడు, ఏదో ఒకటంటడు. పక్కన యాచారమోల్లు గూడ అంటున్నరు, మా మబ్బుల్ని మీ కాడ కురిపిచ్చుకున్నరని. నేనేమన్న అన్ననా నిన్ను?

…

ఏడ్వకు. జర విను.

వాన పడాలని మబ్బుల్ల ఉప్పు చల్లనీకె మీ విమానం లేస్తదని నువ్వే ఫోన్ చేసినవ్ గద. పత్తి గింజ దుబ్బల్నే మాడుతుండె మరి. మీ బావ ఇంట్ల కూసోలే. విమానం కనవడంగనే కలిసినోల్లందరికి చూపెట్టిండు, మా బామ్మర్దిది అని.

…

అవ్, నాకెర్కనే. ఉరిమితే చాలు, ఎడ్లకన్న ముందు ఇంట్ల ఉంటుండె. పిడుగంటే గంత భయం. ఆ పొద్దు నేను పిలుస్తనే ఉన్న… "గిది మా బామ్మర్ది వాన, నన్నేం చేస్తదే" అన్నడు. నీకు వీడియో పంపాలని చెల్క నడుమల్కి పోయిండు, ఫోన్ పైకి పట్టుకొని. ఆడనే పడ్డది పిడుగు.

…

ఆ వీడియో నీ దాకా రాలే. తెలుసు.

…

ఒక్కటే అడుగుత తమ్మీ. ఆ పిడుగు… మీరు చల్లిందానికి వచ్చిందా, ఊకెనే వచ్చేదా?

…

చెప్పలేం అంటే? మీ పెద్ద సార్లకు గూడ ఎర్కలేదా?

…

వాన పడంగనే మాది అంటిరి. మరి పిడుగు ఎవలది?

…

నాకు తిట్టనీకె ఒకలు కావాలె. దేవుణ్ణి తిట్టాల్నో నిన్ను తిట్టాల్నో తెల్వక, నోట్లనే పెట్టుకొని తిరుగుతున్న. పత్తి మొలకొచ్చింది. చెల్కంత పచ్చగైంది. ఆ దిక్కు చూడబుద్ధైతలే నాకు.

…

రేపు మల్ల మీ విమానం లేస్తదా? … మహేశ్వరం దిక్కా. … నువ్వు పోకుంటే ఇంకొకడు పోతడు. ఆల్ల గింజ గూడ మాడుతుంది, వద్దని నేనెట్లంటా? గని ముందుగాల అందరికి చెప్పుండ్రి, ఇండ్లల్ల ఉండుమని. నాకు వాన సంగతే చెప్పినవ్ నువ్వు. ఉరుము సంగతి చెప్పలే.

…

ఆగు. ఉరుముతుంది.

ఇయ్యాల లేసిందా మీది? … లేవలే. నిజమే గదా?

పెట్టేస్తున్న తమ్మీ, పిల్ల వాకిట్ల ఉంది. చీర నువ్వే తీస్కొని రా, ఎవలతోని పంపకు…

అంకితా, తడుస్తున్నవెందుకే? లోపట్కి రా బిడ్డా. … మామ వాన కాదే అది. … ఎవల వానైతేంది, రా లోపట్కి.