మూడు పలకరింపులు

తిరుమలగిరి అవతల, గుట్ట కింద తవ్వుతున్న నీళ్ల సొరంగం ముందర. లోపల మట్టి కూలి ఒక రోజు దాటింది. మాట్లాడుకుంటున్నది కేబుల్ పనిచేసే గిరి, లోపల చిక్కుకున్న ఎల్లేష్ భార్య మల్లీశ్వరి. ఇద్దరి ముందర సిగ్నల్ డబ్బ, దానికి చిన్న తెర. మధ్యాహ్నం ఒంటిగంటన్నర.

"మల్ల సచ్చిందా?"

"సచ్చింది వదినె. మల్ల లేస్తది చూడు."

"నేను మనిషి గురించి అడుగుతున్న గిరీ."

"నేను డబ్బ గురించి చెప్తున్న. మనిషి గురించి నాకేం తెల్వదు. నువ్వు పొయ్యి ఆ టెంటు కింద కూసోరాదు?"

"టెంటు కింద గుర్వయ్య పెండ్లాం ఏడుస్తాంది, డానియల్ వాళ్లమ్మ ఏడుస్తాంది. నాకు ఏడుపు గూడ వస్తలేదు. రెండు గంటలకు పెద్ద మిషను పెడ్తరట గద?"

"ఆఁ."

"పెడితె?"

"అడ్డమొచ్చిన రాళ్లన్ని దంచుకుంట పోతది. జల్ది దారి పడ్తది."

"పైన మట్టి?"

"మేకలు ఎవరు చూస్తున్నరు వదినె ఇంటికాడ?"

"బీరమ్మత్త చూస్తాంది. పైన మట్టి ఏమైతది?"

"కూలుతది. లోపట ఎవ్వరు బతికి లేరనుకున్నంకనే గద అది పెట్టుడు. ఉన్నరని తెలిస్తె చేతులతోని మెల్లగ తీస్తరు."

"మరి ఉన్నరని చెప్పు."

"ఏం చూపెట్టి చెప్పాలె? నిన్నటి సంది గొంతులు పోయేటట్టు పిలుస్తనే ఉన్నరు. ఉలుకు లేదు, పలుకు లేదు."

"గీ డబ్బ పలుకుతాంది గద?"

"ఇది డబ్బ, డబ్బ మాట్లాడుకునుడు వదినె. మనిషి మాట దీంట్ల పోదు. లోపటొక డబ్బ, ఈడొక డబ్బ. మాటలు, బొమ్మలు పోయే ఫైబర్ తీగ తెగింది. గోడ వెంబడి గీ సన్న తీగొక్కటి మిగిలింది. దీని మీద ఇవి రెండు ముందుగాల ఒప్పందం చేసుకుంటయి."

"ఏమని?"

"నా నంబరు ఇది, నీదేంది? పది సెకండ్లకొకసారి పలకరిస్త. ముప్పై సెకండ్లు నీ పలుకు రాకుంటె సచ్చినవనుకుంట, సరేనా? అవతలిది సరే అంటె పలకరింపులు మొదలైతయి. ఇది నా మూడోది, నీ రెండోది నాకు ముట్టింది, గిట్ల లెక్క చెప్పుకుంటయి."

"ఒక్కటి పలికితె సాలదా?"

"సాలదు. నీ మాట నాకు ముట్టిందని అవతలిది గూడ చెప్పాలె. అప్పుడే పక్కా."

"మరి ఊకె సచ్చుడెందుకు?"

"తీగకు నీళ్లు తాకుతున్నయేమో. ఒప్పందమైతది, మూడుసార్లు పలకరిస్తది, ఆగిపోతది. మల్ల మొదలు. పొద్దటి సంది గిదే. ఇంజనీరు సారు చూసి లూజు కనెక్షనని రాసుకొని పోయిండు."

"నిన్న లోపటికి పోయే డ్యూటీ ఎవరిది?"

"నీళ్లు తాగుతవా?"

"డ్యూటీ ఎవరిదని..."

"డబ్బ బిగించింది ఎల్లేషన్ననే గద, ఆయనకైతెనే ఎరుకని..."

"గిరీ."

"నాదే. నాదే వదినె! నిద్ర లేవలె. ఫోన్ జేసి, జర నువ్వు పోతవా అని అడిగిన. ఒక్క మాట అనలె. పండుకోరా, నేను పోత అన్నడు. కొట్టు నన్ను. కొట్టరాదు!"

"నిన్ను కొడితె ఆయన వస్తడా? అగో, లేచింది చూడు."

"ఆఁ... ఒకటి. రెండు. మూడు. ఇగ అంతే. సచ్చింది."

"మూడే ఎందుకు? నీళ్లు తాకితె ఒకపారి ఐదు పలకాలె, ఒకపారి ఒకటే పలకాలె గద?"

"ఏమో వదినె, నా బుర్ర పనిచేస్తలేదు."

"లేచినప్పుడల్ల తెర పైన ఒక అక్షరాల గీత వస్తాంది. అదేంది?"

"అదా... లోపటి డబ్బ, ఇప్పుడే ఆన్ అయిన అంటాంది."

"ఇప్పుడే ఆన్ అయితె, అంతకుముందు ఆఫ్ జేసిందెవరు?"

"ఆగు, ఆ గీత మల్ల చదువనీ."

"గిరీ? ఏమైంది?"

"తీగ తెగి అతుక్కుంటె గట్ల అనదు వదినె. నేను ఈడనే ఉన్న, నడుమల నువ్వే వినవడలె అంటది. ఇది ప్రతిసారి కొత్తగ లేస్తాంది. అయ్యో... పొద్దటి సంది సచ్చింది అనే గీతనే చూసుకుంట కూసున్న!"

"దానికి స్విచ్చి ఉంటదా?"

"ఎనక ఉంటది. చేతితోనే వెయ్యాలె. పలకరించినప్పుడల్ల ముందట చిన్న దీపం మినుక్కుమంటది. లోపటున్నోళ్లు లెక్కవెట్టుకోవచ్చు."

"ఆయనే. ఆయనే గిరీ! మాపటికి మేకపిల్లల్ని గంప కింద కమ్మి, ఎన్నుంటె అన్ని దెబ్బలు కట్టెతోని తలుపు మీద కొడ్తడు. నేను పొయ్యి కాడికెల్లి వింట. రోజు గదే. లోపటికి పోయింది ముగ్గురు, ఆయన, గుర్వయ్య, డానియల్. మూడు కొడుతున్నడు!"

"ముగ్గురు... ముగ్గురు ఉన్నరని!"

"చూస్తవేంది? మిషను ఆపుమను!"

"ఆగు, ఫోన్ కలవనీ... సార్! ఆపున్రి సార్, మిషను ఆపున్రి! ఉన్నరు! లూజు కనెక్షన్ కాదు సార్, లోపట మనిషి స్విచ్చి వేస్తున్నడు, తీస్తున్నడు... నాకు పిచ్చి లేవలె సార్! మీరే వచ్చి చూడున్రి. అబద్ధమైతె నన్ను నౌకరీల కెల్లి తీసెయ్యున్రి. ముందుగాల ఆపున్రి, మీ కాళ్లు మొక్కుత!"

"ఆపుతడటనా?"

"ఆపిండు. ఆపిండు వదినె! చేతులతోనే తీపిస్తడట. మెల్లగ, పైన ఒక్క రాయి కదలకుండ. ఎంత టైం పట్టినా సరే అన్నడు. అరె, ఇప్పుడేడుస్తున్నవేంది?"

"ఇప్పుడు వస్తాంది ఏడుపు. నన్ను ఇడిసిపెట్టి నువ్వు డబ్బ చూడు."

"లేచింది. ఒప్పందమైంది. ఒకటి... రెండు..."

"ఊఁ?"

"జర ఆగు, పది సెకండ్లు కావాలె గద."

"అయినయి గిరీ."

"ఆగు వదినె, వస్తది. వస్తది..."

"సచ్చింది అనే గీత గూడ వచ్చింది. సారుకు మల్ల ఫోన్ జెయ్యి. మెల్లగ వద్దు, ఇంకా మనుషుల్ని పెట్టి జల్ది తియ్యుమను."

"ఎందుకు? తొందరపడితె మీదికెల్లి కూలుతది..."

"ఈసారి రెండే కొట్టిండు."